నేల మీది ధూళిలో సీసం ఉందా?

పండక్కి ఇంటికి రంగులు వేయిస్తాం. ముందుగా కిటికీల మీది పాత పెయింటును గరుకు కాగితంతో రుద్దుతారు. సన్నటి పొడి నేల మీద రాలుతుంది. అదే నేల మీద పసిబిడ్డ పాకుతుంది. ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది.

ఆ పొడిలో సీసం ఉండొచ్చు. చేపల వలకు కట్టే బరువు గుళ్లు చూశారా? ఆ లోహమే సీసం. రంగు నిగనిగలాడాలని, త్వరగా ఆరాలని పెయింట్లలో సీసం మందులు కలిపేవారు. మన దేశంలో 2017 నవంబరు నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఇళ్లకు వేసే పెయింటు కిలోకి 90 మిల్లీగ్రాముల సీసం దాటకూడదు. మరి అంతకు ముందు వేసిన రంగు? అది ఇంకా కిటికీ మీదే ఉంది.

సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు పరవాలేదు అనే కొలత లేదు. చూసి చెబుదామంటే కంటికి కనపడదు.

మరి ల్యాబు వాళ్లు ఎలా కనిపెడతారు? నేల మీద అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు గుర్తు పెడతారు. చేతికి కొత్త తొడుగు వేసుకుని, తడి గుడ్డతో ఆ చోటంతా తుడుస్తారు. గుడ్డను మడిచి మళ్లీ అడ్డంగా తుడుస్తారు. దాన్ని గొట్టంలో పెట్టి మూత బిగిస్తారు. ఏమీ తుడవని గుడ్డ ఒకటి కూడా పంపుతారు. ఎందుకంటారా? గుడ్డలోనే సీసం ఉంటే, నింద నేల మీద పడుతుంది కదా!

ల్యాబులో ఆ గుడ్డను నైట్రిక్ యాసిడ్‌లో వేసి వేడి చేస్తారు. సీసం అందులో కరుగుతుంది. ఆ ద్రవాన్ని తుంపరగా మంటలోకి పంపుతారు.

పొయ్యి మీది ఉప్పునీళ్లు పొంగి మంటలో పడితే ఏమవుతుంది? మంట పసుపు రంగుకు తిరుగుతుంది. అది ఉప్పులోని సోడియం వెలుగు. అలాగే సీసానికీ తనదైన వెలుగు ఉంది. అది మన కంటికి కనపడదు, యంత్రానికి కనపడుతుంది. యంత్రంలో సీసం పెట్టిన దీపం ఒకటి ఉంటుంది. దాని వెలుగు మంటలోంచి పోతుంది. మంటలో సీసం ఉంటే ఆ వెలుగును కొంత మింగేస్తుంది. అవతలికి వెలుగు ఎంత తగ్గితే, సీసం అంత ఎక్కువ ఉన్నట్టు.

అమెరికాలో 2001లో నేల ధూళికి హద్దు పెట్టారు. చదరపు అడుగుకు 40 మైక్రోగ్రాములు. 2019లో దాన్ని 10కి దించారు. అంటే గ్రాములో లక్షో వంతు. ఒక్క ఉప్పు రవ్వ అంతకంటే బరువు తూగుతుంది!

చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రమూ ఉంది. కిటికీకి ఆనిస్తే కాసేపట్లోనే పెయింటులో సీసం సంగతి చెబుతుంది. గోకే పని లేదు. కానీ దాని ధర లక్షల్లో. రుద్దితే రంగు మారే పుల్లలూ ఉన్నాయి. రంగు మారలేదు కదా అని ధీమా పడకండి. కొంచెంగా ఉన్న సీసాన్ని అవి పట్టలేవు.

ఈ పరీక్షలు మన ఊళ్లో దొరకడం కష్టం. అందుకని పాత పెయింటును పొడిగా రుద్దనివ్వకండి, తడిపి రుద్దమనండి. ఆ రోజుల్లో పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లను వేరే ఇంట్లో ఉంచండి. రాలిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. బిడ్డ ఆ పొడిలో ఆడిందని అనుమానమా? రక్తంలో సీసం చూసే పరీక్ష ఉంది. డాక్టరుగారిని అడగండి.