విరేచనాలకు ఉప్పు–చక్కెర నీళ్ళు ఎందుకు?

తిరుపతి నుంచి కొండకు వెళ్ళే బస్సులకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944లో వేసిన మొదటి ఘాట్‌రోడ్డు దిగడానికి. 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఈ కట్టుబాటు తప్పితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మన పేగు లోపలి పొరలోని కణాల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ప్రాణం కాపాడేది అదే.

ఈ కణాలకు పైవైపు ఆహారం, కిందివైపు రక్తనాళాలు ఉంటాయి. పైవైపున ద్వారంలాంటి ఒక ప్రోటీను గ్లూకోజునూ, ఉప్పులోని సోడియంనూ జంటగా లోపలికి తీసుకుంటుంది. కిందివైపున పంపులాంటి మరో ప్రోటీను ఆ సోడియంను రక్తం వైపు తోడేస్తుంది. గ్లూకోజు వేరే దారిన అటే పోతుంది. వీటి వెంట నీరూ వెళుతుంది. ఆ పంపును నడిపే ఇంధనం ఏ.టి.పి. దానిని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

మరి ద్వారం పైనా, పంపు కిందా ఉండేటట్లు చూసేదెవరు? అవీ ప్రోటీన్లే. పక్కపక్క కణాలను కొన్ని ప్రోటీన్లు కుట్టు వేసినట్లు బిగించి, పైభాగానికీ కిందిభాగానికీ మధ్య కంచెలా నిలుస్తాయి. కంచెకు పైన ‘క్రంబ్స్’, ‘పార్’ జట్లు, కింద ‘స్క్రిబుల్’ జట్టు కాపలా కాస్తాయి. ఒక జట్టు రెండో జట్టును తన హద్దులోకి రానివ్వదు. క్రంబ్స్ లోపిస్తే పొర ముక్కలైపోతుందని 1990లో పండ్ల ఈగలలో గమనించారు.

కలరా విషం పైవైపున వేరే తూములు తెరిచి నీటిని పేగులోకి పారిస్తుంది. కాని గ్లూకోజు–సోడియం ద్వారాన్ని మూయలేదు! అందుకే 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించగలిగారు.

‘నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయి’ అని కొందరు తల్లులు బిడ్డ నోరు కట్టేస్తారు. ఇది చాలా పొరపాటు. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని, దానిమీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు – టీ చెంచాతో, తలకొట్టి – వేయండి. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ పావు నుంచి అర కప్పు, కొంచెం కొంచెంగా తాగించండి. తల్లిపాలు మానవద్దు. కాస్త ఉప్పు వేసిన గంజి కూడా మంచిదే. తియ్యటి కూల్‌డ్రింకులు మాత్రం వద్దు. అతి తీపి నీటిని తిరిగి పేగులోకే లాగుతుంది.

కళ్ళు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దారిలో కూడా, బిడ్డ మింగగలిగితే, ఆ నీళ్ళు పట్టడం ఆపకండి.