వేసవి సెలవులలో మా గోండి చదువు

వేసవి సెలవులన్నంతనే మనకు మొదట స్ఫురించునవి ఆవకాయ జాడీలు, వడియములు, పుట్టింటి ప్రయాణములు. కాని యీ సెలవులను భాషాభ్యాసమునకై వినియోగించువారును లోకమున కలరు. అమెరికా దేశమున వెర్మాంటు రాష్ట్రమందలి మిడిల్‌బరీ కళాశాలలో 1915లో జర్మను భాషతో మొదలైన వేసవి పాఠశాలలు నేటికిని జరుగుచున్నవి. 2003లో పోర్చుగీసు పాఠశాలయు వానితో చేరినది. అచటి విద్యార్థులు తొలుత నొక ప్రతిజ్ఞాపత్రముపై చేవ్రాలు చేయుదురు. తరగతిలోనే గాక భోజనశాలయందును, ఆటలయందును, వసతిగృహమందును నేర్వవచ్చిన భాష తప్ప వేరొకటి పలుకరాదని దాని నియమము. ఉప్పు కావలసినను పోర్చుగీసుననే యడుగవలెను. మాట రాకున్న చప్పిడి కూడే గతి! ఆ భాష మనకు బొత్తిగా పరాయిదనుకొనకుడు. మన యిండ్లలోని బాల్చీ, ఇస్త్రీ, అల్మార, అనాసపండు అను పేరులు అందుండి వచ్చినవే.

అయితే అట్లు పరభాషలో మునుగువారు పెద్దలు. తమ యిష్టముతో మునిగి, సెలవులు ముగిసినంతనే తేలువారు. ఏ ప్రతిజ్ఞయు నెఱుగని యాఱేండ్ల పసివారు అట్టి మునకలో పడుట మేము కన్నులార చూచితిమి. ఆ సంగతియే నేడు మీకు విన్నవింపబూనితిమి.

మేము పూర్వపు కరీంనగరము జిల్లాలో, ధర్మపురి ప్రాంతమున పుట్టి పెరిగినవారము. మా తండ్రిగారు మాకు బడి చదువునకు మారుగా ఇంటనే భారతమును, భాగవతమును చెప్పించిరి. మావారు ఉపాధ్యాయులు. వారికి గోదావరి కావలి యొడ్డున, ఉట్నూరు కొండలలోని యొక గోండు పల్లెకు బదిలీ కాగా మేమును వెంట నేగితిమి. బడికిని మా యింటికిని నడుమ నొక గోడయే యడ్డము.

చేరిన తొలిమాసమున నొకనాడు, ఒకటవ తరగతి పిల్లవాడొకడు లేచి నిలుచుండి, “ఏర్, ఏర్” అనెను. మావారు వాడు ఏటికి పోవుటకు సెలవడుగుచున్నాడని తలచి, “ఇప్పుడు ఏటికి వద్దు నాయనా, కూర్చో” అనిరి. వాడు మరల నడిగెను. మావారు మరల వలదనిరి. మూడవమారు అడిగి, తల వంచుకొని కూర్చుండెను. మధ్యాహ్నమునకు సొమ్మసిల్లి పడిపోయెను. పొరుగింటి ముదుసలి చెంబుతో పరుగున వచ్చి, వాని పెదవులు తడుపుచు, ఆ మాటనే పలికినది. గోండిలో ‘ఏర్’ అనగా నీరు! బిడ్డ దాహమని యడిగినాడు. మేము ఏఱని వింటిమి.

ఆ రాత్రి మావారు భోజనము చేయలేదు. మాకును మనసు కుదుటపడలేదు. పదునెనిమిది పర్వములు చదివితిమను గర్వము ఆ చెంబెడు నీటిలో కరిగిపోయినది.

ఆ యేడు సెలవులకు మేము పుట్టింటికి పోలేదు. ఆ ముదుసలినే గురువుగా నెంచుకొని, “అవ్వా, మాకు నీ మాట నేర్పుము” అని వేడితిమి. తెల్లవారినది మొదలు దీపము పెట్టువరకు ఆమెతో తెలుగు పలుకరాదని నియమము పెట్టుకొంటిమి. మొదటి పాఠము ఆమె యరుగుమీద జరిగినది. ఉండి, రెండ్, ముండ్, నాలుంగ్, సయ్యుంగ్ అని ఐదంకెలు చెప్పగా మాకు నవ్వును సంతోషమును కలిగెను. చేయి కయ్, కన్ను కన్, కాలు కాల్! ఇది మన తోబుట్టువు గదా యనుకొంటిమి. నిజమే, తెలుగును గోండియు ద్రావిడ భాషలలో నొక్క శాఖకు చెందినవని పండితుల నిర్ణయము. ఆవు వచ్చినను అత్త వచ్చినను మన తెలుగున ‘వచ్చినది’ యనుచున్నాము గదా. గోండిలోను స్త్రీకిని పశువునకును క్రియ యొక్కటియే. ఈ విషయమున మాత్రము అక్కచెల్లెండ్రిద్దఱును మనకు సమానముగనే యన్యాయము చేసినారు!

మఱునాటినుండి మా గర్వము మరల నణగినది. పేరు ‘పరోల్’, ఏమిటి ‘బాతల్’, పువ్వు ‘పుంగార్’. వీనికి తెలుగు పోలిక యేమియు తోపదు. తునికాకు కోతకు స్త్రీలతో అడవికి పోయి, నీడన కూర్చుండి, 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టుచు, ఐదైదుగా లెక్క పెట్టుటలో మా అంకెలు గట్టిపడినవి. తప్పు పలికినపుడెల్ల పిల్లలు విరగబడి నవ్వెడివారు. తెలిసిన విషయమైనను మాట రాక నోరు మెదపలేని యవస్థ యెట్టిదో, తరగతిలో మూగవలె కూర్చుండు బిడ్డ బాధ యెట్టిదో అపుడు మాకు బోధపడినది. మేము మందబుద్ధులమా? కాము గదా! ఆ బిడ్డలును కారు.

ఈ మార్గమును తొలుత త్రొక్కినవారము మేము కాము. 1940లో జోడేఘాటున కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను పరిశీలించుటకు ఆస్ట్రియా దేశీయుడగు హైమండార్ఫు పండితుని నియోగించెను. ఆయనయు, భార్య బెట్టీ ఎలిజబెత్తును మార్లవాయి గ్రామమున పూరింటిలో గోండుల నడుమ నివసించిరి. అచటనే 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణకేంద్రము వెలసినది. వారిలో కొందఱకు మరాఠీ చదువు కొంత తెలిసియుండుటచే, దేవనాగరి లిపిలో గోండి వాచకములు వ్రాయించిరి. అక్షరము తమ తల్లి మాటతో వచ్చుట వారికదియే మొదలు. 1987లో బెట్టీ హైదరాబాదున మరణింపగా, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో గతించిన భర్త యస్థికలును 2012లో ఆమె చెంతకే చేరినవి. మార్లవాయి నేడు కుమ్రం భీము ఆసిఫాబాదు జిల్లాలోనిది.

గోండికి సొంత లిపి లేదనువారికిని సమాధానము కలదు. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమందలి గుంజాలలో ప్రత్యేకలిపిలో వ్రాసిన ప్రతులు 2006లో పండితుల దృష్టికి వచ్చినవి. 2018లో ఆ లిపికి యంత్రములలో వాడు యూనికోడునందు స్థానము లభించినది. 2011 జనాభా లెక్కలనుబట్టి మన దేశమున గోండి తల్లిభాషగా గలవారు 29 లక్షలకు పైబడినవారు.

జూనులో బడి తెఱచిరి. మావారును మావలన కొంత నేర్చి, మొదటి తరగతికి పాఠమును ముందు గోండిలో చెప్పి, పిదప తెలుగున చెప్పుట మొదలిడిరి. మేము చెంబు చేతబట్టి ఆ పిల్లవాని కడకు పోయి, “ఏర్?” అని యడిగితిమి. వాడు మా యుచ్చారణమునకు నవ్వి, దిద్ది, పిమ్మట త్రాగెను.

సోదరీమణులారా! మీకు కొండలకు పోవు పని లేకపోవచ్చును. కాని కరీంనగరము, పెద్దపల్లి ప్రాంతముల ఇటుకబట్టీలలో ఒరియా తల్లులు పిల్లలతో వచ్చి పని చేయుచున్నారు. వారు నీటిని ‘పాణి’ యందురు. మీ గడపకు వచ్చిన పరభాషా స్త్రీని, మీ మాటలో నీటినేమందురని ముందుగా నడుగుడు. ఆ ఒక్క మాట నేర్చిన, ఆమె బిడ్డ మీ వాకిట దాహముతో నిలువబడడు.