కోటు విప్పాకే కార్ సీటు

మిన్నియాపొలిస్‌లో జనవరి రాత్రి మైనస్ 20 డిగ్రీలకు దిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి ఊళ్లో, పురుడు పోయడానికి వచ్చిన అమ్మమ్మ ఎదుట పసిబిడ్డ కోటు విప్పాలంటే కూతురికి గుండె దిటవుండాలి.

‘‘ఏమే, మతుండే చేస్తున్నావా? ఈ చలికి బిడ్డ బిగుసుకుపోదూ!’’

‘‘కోటుతో సీట్లో కట్టకూడదమ్మా. డాక్టరు మరీ మరీ చెప్పారు.’’

‘‘వాళ్లు చలిలో పుట్టి పెరిగినవాళ్లు. మన పిల్లకి ఆగుద్దా?’’

షికాగో, డెట్రాయిట్, టొరంటో... చలికాలం వస్తే తెలుగిళ్లలో ఈ వాదన మామూలే. నిజానికి ఇద్దరి మాటా సబబే. బిడ్డకు చలి తగలకూడదు, కానీ ఉబ్బుకోటు పట్టీల కింద ఉండకూడదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పేదీ ఇదే.

ఉబ్బుకోటులో ఉండేది చాలావరకు గాలి. వెచ్చదనమిచ్చేదీ ఆ గాలే. కారు దేన్నైనా గుద్దుకుంటే బిడ్డ ముందుకు తూలుతుంది, పట్టీ కోటును అణిచేస్తుంది, గాలంతా పోతుంది. అప్పటిదాకా బిగుతుగా కనిపించిన పట్టీకీ బిడ్డ భుజానికీ మధ్య సందు తేలుతుంది. ఆ సందులోంచి బిడ్డ జారి ఎగిరిపడొచ్చు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. కోటు తొడిగిన బిడ్డను సీట్లో కూర్చోబెట్టి పట్టీలు బిగించండి. వాటిని వదులు చెయ్యకుండా బకిల్ మాత్రం ఊడదీసి, కోటు విప్పి, మళ్లీ కూర్చోబెట్టి బకిల్ పెట్టండి. ఇప్పుడు భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకోండి. మడత దొరికిందంటే వదులుగా ఉన్నట్టే. ఎంత చెప్పినా వినని పెద్దవాళ్లు కూడా ఆ మడత చేతికొస్తే మెత్తబడతారు. ఛాతీ మీది క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలన్నది కూడా అప్పుడే చూపించేయొచ్చు.

‘ఇంత గొడవెందుకు, నేను ఒళ్లో పెట్టుకుంటాగా’ అన్నది తర్వాతి మాట. ఈ భ్రమ మనకే ప్రత్యేకం కాదు. పసిపిల్లలకు కార్ సీటు తప్పనిసరి చేస్తూ అమెరికాలో తొలి చట్టం తెచ్చింది టెనెసీ రాష్ట్రం. 1978లో అమల్లోకి వచ్చింది. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుబట్టి సాధించారు. అయితే పెద్దవాళ్లు చేతుల్లో పట్టుకుంటే సీటు అక్కర్లేదని శాసనసభ్యులు ఒక మినహాయింపు దూర్చారు. దాన్ని ‘పిల్లల్ని నలిపేసే సవరణ’ అన్నారాయన. 1981లో గానీ అది తొలగలేదు. లెక్క చూడండి: గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనులో పదో వంతులో ఆగితే, అయిదు కిలోల బిడ్డను ఆపడానికి దాదాపు 70 కిలోల బరువును పట్టి ఆపినంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు.

మన దేశంలోనూ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. హైదరాబాద్‌లో నాన్న ఒళ్లో కూర్చుని స్టీరింగు తిప్పే బుడతల్ని చూస్తే మాత్రం అలాంటి చట్టం ఒకటుందని అనిపించదు.

మరి చలి సంగతి? ఒంటికి అంటుకునే పల్చటి బట్టలు, పైన స్వెట్టరు, మేజోళ్లు, కుల్లాయి వేసి పట్టీలు బిగించాలి. దుప్పటి ఆ తర్వాతే, పట్టీల పైనే, ముఖానికి అడ్డం రాకుండా. అమ్మమ్మ ఊరి నుంచి మోసుకొచ్చిన బొంత దర్జాగా పనికొచ్చేది ఇక్కడే. కాస్త పెద్ద పిల్లలకైతే పట్టీలు బిగించాక కోటు తిరగేసి ముందు నుంచి చేతులు తొడగొచ్చు. చేత్తో మోసుకెళ్లే రకం సీటయితే రాత్రి కారులో వదలకుండా ఇంట్లో ఉంచుకుంటే చాలు, పొద్దున చల్లగా తగలదు. బిడ్డ వీపు కింద పరిచే మెత్తలు మాత్రం, సీటుతో పాటు వచ్చినవి కాకపోతే, వాడొద్దు.

కారు వేడెక్కాక కుల్లాయి, దుప్పటి తీసెయ్యాలి. పసివాళ్లకు ఉక్కపోత కూడా ప్రమాదమే. కారును ముందే వెచ్చబరుద్దామని గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి వదిలేయడం మరీ ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, తలుపు సందుల్లోంచి ఇంట్లోకీ వస్తుంది.

సీటు సరిగ్గా బిగిసిందో లేదో చూసిపెట్టే శిక్షణ పొందిన టెక్నీషియన్లు అమెరికాలో చాలా ఊళ్లలో, కొన్నిచోట్ల ఫైర్ స్టేషన్లలోనే, ఉంటారు. చాలాచోట్ల డబ్బు తీసుకోరు, ముందుగా అపాయింట్‌మెంట్ అడుగుతారు. వాళ్లు బిగించి పంపేయరు, మనచేతే బిగింపిస్తారు. వెళ్లేటప్పుడు అమ్మమ్మనూ తాతయ్యనూ కూడా తీసుకెళ్లండి. మీరు ఆఫీసులో ఉన్న రోజు బిడ్డను సీట్లో కట్టేది వాళ్లే.