మతిమరుపుకు పెన్నేరు.. కథంతా కాలేయంలోనే!
చిట్టెలుకల్లో ఫలించింది.. మనుషుల్లో ఇంకా తేలలేదు

తిరుత్తంగల్: ఆంధ్రాలో పెన్నేరు గడ్డ. ఇక్కడి నాటుమందుల కొట్లో అడగాలంటే అముక్కరా కిళంగు. డబ్బా మీద పేరు అశ్వగంధ. ఏ పేరుతో కొన్నా వేరు ఒకటే. నీరసానికీ, నిద్రకూ పాలలో కలిపి తాగే ఈ పొడిని ఇప్పుడు జ్ఞాపకశక్తికీ మంచిదంటూ అమ్ముతున్నారు. ఈ మాట వెనక ఓ పెద్ద పరిశోధన ఉన్న మాట నిజమే. అయితే అది చెప్పింది వేరు, మనం విన్నది వేరు.

ఆ పరిశోధనకు నాయకత్వం వహించింది ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న నాడీశాస్త్రవేత్త విజయలక్ష్మి రవీంద్రనాథ్. హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టర్ ఆమే. 2010లో పద్మశ్రీ అందుకున్నారు.

అల్జీమర్స్ వచ్చినవాళ్ల మెదడులో అమైలాయిడ్ అనే ప్రొటీన్ ముక్కలు పేరుకుపోతాయి. అలాంటి జబ్బు వచ్చేలా జన్యువులు మార్చిన చిట్టెలుకలకు పెన్నేరు వేరు సారం 30 రోజులు తాగించారు. దారి మరిచిపోయిన ఎలుకలు మళ్లీ దారి నేర్చుకున్నాయి. మెదడులో పేరుకున్నదీ తగ్గింది. 2012లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

అసలు విచిత్రం ఇక్కడుంది. మందు మెదడులో పనిచేసిందనుకుంటాం కదా! కాదు, కాలేయంలో చేసింది. అక్కడ ఎల్‌ఆర్‌పీ అనే రిసెప్టర్ పెరిగింది. దాని ముక్కలు రక్తంలోకి వచ్చి అమైలాయిడ్‌ను పట్టుకున్నాయి. రక్తంలో అది తగ్గేకొద్దీ మెదడులోది బయటికి వచ్చింది. తూము తెరిస్తే చెరువు దిగినట్టన్నమాట. కాలేయంలో ఆ రిసెప్టర్‌ను తగ్గించి చూస్తే మందు పనిచేయలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అల్జీమర్స్ ఉన్న మనుషులకు ఇది నయం చేస్తుందని నేటికీ రుజువు లేదు. పైగా అశ్వగంధ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. థైరాయిడ్, షుగర్, నిద్ర మాత్రలు వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. గర్భిణులు వాడకూడదు.

ఎలుకలతో ఆగకుండా మనుషుల మీదా పెద్ద అధ్యయనం సాగుతోంది. విజయలక్ష్మి తొలి డైరెక్టర్‌గా ఉన్న బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం, కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన 10 వేల మందిని ఏళ్ల తరబడి పరీక్షించాలని పూనుకుంది. మనలాగే ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష మాట్లాడేవాళ్లు అక్కడా ఎక్కువే.

ఇక ఇంటి సంగతి. తాతో, అవ్వో అడిగిందే అడుగుతుంటే 'వయసైంది, అంతేలే' అనేస్తాం. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు వస్తుంది. రక్తపరీక్షలో తెలిసిపోతుంది, మందులకు తగ్గుతుంది కూడా. అల్జీమర్సే అయినా మెదడు రిసెప్టర్ల మీద పనిచేసే మెమాంటిన్ లాంటి మాత్రలున్నాయి. జబ్బును పోగొట్టవు గానీ కొందరికి కొన్నాళ్లు ఊరటనిస్తాయి. పెన్నేరు పొడి వాడుతుంటే ఆ డబ్బా కూడా డాక్టరుకు చూపించండి.