వార్తల్లో పదం: పాసివ్ క్యాండిడేట్

ఉద్యోగాల వార్తల్లో తరచూ కనిపిస్తున్న మాట ఇది. ఉన్న ఉద్యోగం చేసుకుంటూ, కొత్తదాని కోసం వెతకని వ్యక్తిని పాసివ్ క్యాండిడేట్ అంటారు. వీళ్లు ప్రకటనలకు దరఖాస్తు చేయరు. అందుకే రిక్రూటర్లు ఫోన్ పట్టుకుని, తెలిసినవాళ్ల ద్వారా వీళ్లను చేరుకుంటారు.

మాదాపూర్‌లో పనిచేసే ఒక టెస్టింగ్ ఇంజినీరుకు ఫోన్ వచ్చిందనుకుందాం. ‘‘మీరు కంపెనీ మారతారా?’’ అని అడగరు. ‘‘ఫలానా పనికి మనిషి కావాలండీ, మీకు తెలిసినవాళ్లలో బాగా చేసేవాళ్లెవరైనా ఉన్నారా?’’ అంటారు. ఆయన ఒక పేరు చెబుతారు. ఆ పేరు గలవారు ఇంకో ఇద్దరిని చూపిస్తారు. ఈ గొలుసే రిఫరల్. ఒక్కోసారి ఆ ఇంజినీరే ‘‘జీతం ఎంతండీ?’’ అని ఆరా తీస్తారు. అలా అడుగుతారేమోనన్న ఆశ కూడా ఆ ఫోన్ వెనుక ఉంటుంది. ఫోనే ఎందుకంటే, మెయిల్‌ను చూసీ చూడనట్టు వదిలేయొచ్చు, ఎదుటి గొంతుకు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

ఉద్యోగాల కబురు దగ్గరి స్నేహితుల కన్నా ముఖపరిచయస్తుల నుంచే ఎక్కువగా అందుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే రాశారు. రిఫరల్ పద్ధతిలో కంపెనీకి వెతుకులాట తగ్గుతుంది. కానీ తమ కుటుంబంలో మొదటగా ఉద్యోగంలో చేరినవాళ్లకు, పరిచయాలు తక్కువున్నవాళ్లకు ఆ ఫోన్ రావడం కష్టం.

మీకే అలాంటి ఫోన్ వస్తే, స్నేహితుడి నంబరు ఇచ్చే ముందు ఒక్కమాట ఆయన్ను అడగండి.