కొండ దారికి బూట్లే కావాలా?

ప్రశ్న: స్నేహితులతో నల్లమలలో ట్రెక్కింగుకి వెళ్తున్నాను. చీలమండ పైదాకా ఉండే బూట్లు కొనుక్కోమంటున్నారు. రోజూ వేసుకునే రన్నింగ్ షూస్‌తో వెళ్తే కాలు బెణుకుతుందా?

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ముందు అడుగు సంగతి చూద్దాం. నడిచేటప్పుడు వీపు మీది సంచి ఇంచుమించు ఒకే వేగంతో ముందుకు పోతుంది. పాదం అలా కాదు. నేల మీద ఆగుతుంది, లేస్తుంది, విసురుగా ముందుకెళ్లి మళ్లీ ఆగుతుంది. పైగా బూటు బరువు కాలి కొసన ఉంటుంది. గొడ్డలిని తల దగ్గర పట్టుకుని ఊపితే తేలిక. పిడి చివర పట్టుకుంటే అదే గొడ్డలి చెయ్యి లాగేస్తుంది. అందుకే పాదం మీది బరువు, వీపు మీద అంతే బరువు కన్నా నాలుగైదు రెట్లు శ్రమ పెడుతుంది.

లెక్క వేద్దాం. పదిహేను కిలోమీటర్లు నడిస్తే ఒక్కో పాదం సుమారు 10,000 సార్లు లేస్తుంది. బూటు 600 గ్రాములు, షూ 300 గ్రాములు అనుకోండి. తేడా 300 గ్రాములే. కానీ సాయంత్రానికి ఒక్కో కాలు అదనంగా ఎత్తిన బరువు మూడు టన్నులు!

ఈ అలసటకీ మీరు భయపడుతున్న బెణుకుకీ సంబంధం ఉంది. చీలమండ పక్కకి ఒరగబోతే పిక్క పక్కనున్న కండరాలు చటుక్కున బిగిసి దాన్ని నిలబెడతాయి. అలసిపోయిన కండరం ఆలస్యంగా బిగుస్తుంది. మరి బూటు ఆపదా? మెత్తటి ట్రెక్కింగ్ బూటు పైఅంచుని చేత్తో పక్కకి నొక్కి చూడండి, వంగిపోతుంది. ఒంటి బరువంతా మీద పడితే అది ఆపేది కొంతే. అయితే ఇదివరకు చీలమండ బెణికినవాళ్లకీ, బరువైన సంచులు మోసేవాళ్లకీ ఆ కొంత ఆసరా కూడా అవసరమే.

1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ఆవిడ మామూలు గుడ్డ షూస్‌తో 3,300 కిలోమీటర్ల అపలాచియన్ కొండబాట ఒంటరిగా నడిచారు. భుజాన ఉన్నది చిన్న సంచి మాత్రమే. అది మర్చిపోకూడదు.

వాగు దాటితే రెండూ తడుస్తాయి. షూ పైనుండే వలగుడ్డలోంచి నీళ్లు కారిపోయి త్వరగా ఆరుతుంది. తోలు బూటు మర్నాటికీ ఆరదు. తడిసిన చర్మం ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది.

మంచుకొండలకి మాత్రం గట్టి బూట్లే కావాలి. చలి ఒక కారణం, అడుగున ఇనుప ముళ్ల చట్రం బిగించాలి కాబట్టి మరొకటి.

మీ షూస్ అడుగు అరిగి నున్నబడితే రాళ్ల మీద జారతాయి, మార్చేయండి. కొత్తవి సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బాక వేసి చూసుకోండి. బొటనవేలి ముందు వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు ప్రతి అడుగుకీ గోరు షూకి కొట్టుకుని నల్లబడుతుంది.