కల్లును మూత్రపిండములును

ఎండలో కోత కోసి వచ్చిన రైతు తాటిచెట్టు నీడను ఒక ముంత కల్లు త్రాగి, గడియలోపల రెండు మూడు మారులు చాటునకు పోయి వచ్చి, ఒంటివేడి యంతయు మూత్రముగా దిగిపోయినదని సంతసించుట మన గ్రామములలో అందఱు నెఱిగినదే. కల్లు మూత్రపిండములను కడుగుననియు, రాళ్లను కరగించుననియు చెప్పువారును గలరు. మూత్రము అధికమగుట నిజమే. దానికి వారు చెప్పు కారణమే పొరపాటు. వేసవిలో నీ పొరపాటు ప్రాణము మీదికి తెచ్చును గనుక కొంత వివరించుచున్నాము.

మూత్రపిండములు రెండును గలసి దినమునకు సుమారు 180 లీటర్ల నీటిని నెత్తురునుండి వడగట్టును. అందు ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రమై బయటికి వచ్చును. తక్కినదంతయు మరల నెత్తురులోనికే చేరుచున్నది. ఎంత నీటిని నిలుపవలెనో నిర్ణయించునది మెదడే. ఒంట నీరు తగ్గినపుడు మెదడు అడుగున నున్న సెనగగింజంత గ్రంథి వాసోప్రెసిన్ అను రసమును విడుచును. ఆ రసము చేరగానే మూత్రపిండములు నీటిని పట్టి యుంచును.

కల్లు, సారా, బీరు, పేరేదైనను, మత్తు గలిగించునది ఎథనాల్ అను పదార్థమే. అది మెదడునకు చేరి యా రసమును విడువనీయదు. తూము మూయవలసినవాడు నిద్రపోయినట్లే. చెఱువునీరు కాలువ పాలగును. పోయినది వేడియు గాదు, మలినమును గాదు. మన యొంటికి కావలసిన నీరే.

లెక్క చూతము. ఎథనాల్ ఒక గ్రామునకు మూత్రము సుమారు 10 మిల్లీలీటర్లు పెరుగును. నూటికి 4 పాళ్లు ఎథనాల్ గల కల్లు లీటరు త్రాగినచో దాదాపు 300 మిల్లీలీటర్లు అదనముగా పోవును. కల్లులో నీరు హెచ్చు గనుక కొంతైన మిగులును. నూటికి 40 పాళ్లు గల సారా 100 మిల్లీలీటర్లలోను అంతే ఎథనాల్ కలదు, నీరు మాత్రము 60 మిల్లీలీటర్లే! ఒళ్లు ముందే యెండియున్నచో ఈ ప్రవాహము కొంత తగ్గును గాని, త్రాగినదానితో లోటు తీరదు. తెల్లవారి నోరు పిడచగట్టుకొని పోవుటకు నిదియు నొక కారణము. తెల్లవారుజామున దింపిన నీరా మాటవేఱు. అందు ఎథనాల్ లేనట్లే. సున్నము పూయని కుండలో మధ్యాహ్నమునకే అది పులిసి కల్లగును.

ఇక రాళ్ల మాట. మనలో నెక్కువగా గనబడు రాళ్లు కాల్షియం ఆగ్జలేటు రాళ్లు. ఇవి కల్లుతో గాని సారాతో గాని కరగవు. క్రొత్తవి కట్టకుండుటకు దినమునకు రెండున్నర లీటర్ల మూత్రము వచ్చునంతగా నీరు త్రాగవలెనని వైద్యులు చెప్పుదురు. ఆ పని నూతినీరే చేయును. మితముగా త్రాగినవారి మూత్రపిండములు వెంటనే చెడునని మేము చెప్పము. ఎథనాలులో నధికభాగమును దహించునది కాలేయమే, ముందు చెడునదియు నదియే.

మాకు మిక్కిలి భయము గొలుపునది వేఱొకటి. రాత్రి త్రాగి, ఉదయము ఒళ్లు నొచ్చుచున్నదని అంగడిలో డైక్లోఫెనాక్ వంటి మాత్ర కొని మ్రింగి, మరల ఎండలో పనికి పోవువారు పెక్కండ్రు. ఒంట నీరు తగ్గినవేళ మూత్రపిండములకు పోవు నెత్తురు చాలకపోవును. అప్పుడు శరీరము తన రసములచే ఆ నాళములను తెఱచి యుంచుకొనును. ఈ మాత్రలు ఆ రసములనే ఆపును. నీటికొఱత, ఎండ, మాత్ర మూడును గలసినచో ఆరోగ్యవంతుని మూత్రపిండములైనను కొలది దినములలో పనిమానవచ్చును.

కావున త్రాగిన మఱునాడు ముందు ఉప్పు వేసిన మజ్జిగయో గంజియో కడుపునిండ పుచ్చుకొని, ఎండపని మానవలెను; వైద్యు నడుగనిదే నొప్పిమాత్ర ముట్టరాదు. మూత్రము తేనీటి రంగునకు తిరిగినను, పూటంతయు రాకున్నను, ముఖము పాదములు ఉబ్బినను, ఆ దినమే ఆసుపత్రికి పోయి, త్రాగిన సంగతియు మ్రింగిన మాత్ర పేరును దాచక చెప్పవలయును.